ముద్ద తీసిన బోనం

ఊటకుంట, వడ్డేపల్లి మండలం
14 ఆగస్టు 2024

పార్వతికి,

నీ జానకక్క రాసేది. ఈడ అందరం ఉన్నం. మంచిగున్నరా అని అడగకు, ఉన్నం అంతే. మోకాళ్లు ఒక దిక్కు, షుగరు ఒక దిక్కు. నా కోడలు సౌందర్య పొద్దంత ఫోన్ చూస్తది, నా కొడుకు మహిపాల్ పొద్దంత పత్తి సేన్ల ఉంటడు. ఇంట్ల మాట్లాడేటందుకు నాకు బర్రె ఒక్కటే మిగిలింది. నీకు ఫోన్ చేద్దామంటే నీ చెవులకు ఇనవడదాయె. మిషిన్ పెట్టుకున్నా గుయ్యిమంటది అంటివి. అందుకే గీ రాతలు. అక్షరాల బడిల ఇద్దరం ఒక్క పలక మీద కొట్లాడుకుంట దిద్దినం గదా, అదన్న పనికొస్తుంది.

సుంకులమ్మ బోనాలు మొన్న ఆదివారం అయిపోయినయ్. మొదటి బోనం మా ఇంటిదే అని నీకు తెల్సు. మా అత్త సచ్చిపోయిన కాడికెల్లి ఇరవై ఏడేండ్లు నేనే ఎత్తుతున్న. ఈ యేడు సౌందర్యను ఎత్తుమంటే నడుం నొస్తుందన్నది. ఇరవై ఆరేండ్ల పిల్లకు నడుం నొస్తదంట, యాభై ఎనిమిదేండ్ల నాకు నడుమే లేదన్నట్లు. ఇగ నేనే పొయ్యి ముందర కూసున్న.

తెల్లారిన సంది పచ్చి మంచినీళ్లు గూడ ముట్టొద్దు. మూతికి గుడ్డ కట్టుకోని వండాలె, మన ఊపిరి సుత కుండల పడొద్దు. తీపి సరిపోయిందా అని నాలుక మీద ఏసుకోని చూసుడు లేదు. అమ్మ తిన్నాకనే మనం. గవన్ని నీకు చెప్పేదేముంది, నువ్వు మా ఇంటికి పిడకలు తెచ్చిచ్చిన దానివే. షుగరు గోలి ఏసుకోని తినకుండ ఉన్న. దవాఖానల డాక్టరమ్మ ముందే మొత్తుకున్నది, ఒక్కపొద్దులు ఉండకు అని. ఇనలే. పన్నెండు దాటినంక చేతులు వణికినయ్, చెమటలు పట్టినయ్, కండ్లకు ఏం కనవడలే. వంటింట్ల ఎవ్వరు లేకుండె. ఎట్లనో లేసిన. తర్వాత మంచిగనే అయింది.

నీ బిడ్డ గీత కొత్తగ బోనమెత్తింది ఈ యేడు. వాళ్ల అత్త పచ్చ చీర కట్టిచ్చింది. మీ వాడ బోనాలల్ల ముందు ఆమెనే ఉండె. డప్పులకు మొగపిల్లలు ఎగురుతుంటే గూడ దాని నెత్తి మీద కుండ కదల్లే, దీపం మలగలే. నీ పోలికనే. గుడి కాడ నా కుండ పక్కనే దాని కుండ దించిన్రు. అమ్మకు సాక నీళ్లు పోసిన్రు, కల్లు పోసిన్రు, యాటను కోసిన్రు, అందరు తిన్నరు. నేను మాత్రం ఏం తినలే, ఇంటికొచ్చి పండుకున్న.

జవాబు రాయి.
జానకక్క



అమ్రాబాద్
24 ఆగస్టు

జానకక్కకు పార్వతమ్మ వందనాలు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను సాంబారు కాడ ఉన్న. చేతులు తుడుసుకోని గడప మీద కూసోని చదివిన. సాంబారు జర అడుగంటింది. నూట ముప్పై మంది ఆడపిల్లలు ఆ పూట నిన్నే తిట్టుకున్నరు.

ఈడ హాస్టల్ల వేరే పద్ధతి అక్కా. నేను తిని చూడకుండ, వార్డెన్ మేడం తిని చూడకుండ పిల్లల పళ్లెంల గంటె పెట్టొద్దు. మీ సుంకులమ్మకు ముందు ఎవ్వరు తినొద్దు, ఈ పిల్లలకు ముందు మేం తినాలె. ఈ పని కుదిరిచ్చిన మా తమ్ముడు యేసయ్యకు గిదే చెప్తే, నీ నాలుకకు గిప్పుడు సర్కారు కొలువు దొరికింది అక్కా అని నవ్విండు. ఏం కొలువో. నాలుగు గంటలకు లేస్త, రెండు పూటల గిన్నెలు ఎత్తి దించేసరికి భుజాలు నావి కావనిపిస్తది.

గీత బోనమెత్తిందని రాస్తే సంతోషమైంది, భయం గూడ అయింది. చిన్నప్పటి సంది నా ఎంబడి చర్చికి వచ్చిన పిల్ల. అత్తోళ్లు ఏ దేవున్ని మొక్కితే ఆ దేవుని కుండ ఎత్తు, కొట్లాట పెట్టుకోకు అని నేనే చెప్పిన. అది తెల్సి మా చర్చి అయ్యగారు మూడు ఆదివారాల సంది నన్ను చూసి మొఖం తిప్పుకుంటుండు. పాపం నాదే ఉండనీ, అది మాత్రం ఇంట్ల మంచిగ ఉండాలె. దాని మొగడు శివ కొత్తకోటల లారీలు బాగు చేసుకుంట వారానికి ఒక్కసారి ఊరికి వస్తడు. ఊర్లె దానికి దిక్కు అంటే నువ్వే. నేను ఆ ధైర్యంతోనే ఇంత దూరం వచ్చిన.

ఎట్లనో లేసిన అని రాసినవు. ఎట్లనో అంటే ఎట్ల? షుగరు పడిపోయినోళ్లు నోట్ల ఏమన్న ఏసుకోకుండ లేవరు. ఈడ ఒక టీచరమ్మకు గట్లనే అయితే ఇంత చక్కెర నోట్ల పోసినం. నువ్వేం తిన్నవు?

పార్వతమ్మ



ఊటకుంట
8 సెప్టెంబరు

పార్వతికి,

ఊర్లె మంచిగ లేదు. బోనాలైన పదిహేను దినాలకు గొర్లు సచ్చుడు మొదలైంది. మూతులు వాసి, నాలుకలు నీలమైతున్నయ్. గొర్ల పెంటయ్యవి ఒక్కనియే పదకొండు పోయినయ్. నిన్న వాళ్ల గుడిసె ముందరికెల్లి పోతుంటే మనిషి ఖాళీ దొడ్డిల ఊకనే కూసున్నడు. ఆ మొఖం చూసి రెండు పూటలు నాకు బువ్వ పోలే.

పశువుల డాక్టరు వచ్చిండు. నీలి నాలుక రోగం, వానలకు దోమలతోని వస్తది అన్నడు. మిగిలిన వాటికి సూదులిచ్చిండు. సూదులు ఏపిచ్చుకున్నరు గాని ఊరు ఊకోలే. పసుపన్నం వండి, ఏపాకు, నిమ్మకాయలు కలిపి ఊరి పొలిమేర చుట్టు చల్లిన్రు. మహిపాల్ గూడ గంప పట్టుకోని నడిచిండు. డిగ్రీ చదివిండు వాడు. అయినా ఎప్పటిలెక్కనే సచ్చినయ్.

మొన్న మంగళారం బాలనాగమ్మ ఒంటి మీదికి అమ్మ వచ్చింది. నీకు యాదికున్నదా బాలనాగమ్మ, మనతోని వరి నాట్లకు వస్తుండె, ఇప్పుడు జుట్టంత తెల్లగైంది. గుడి ముందర జుట్టు ఇరబోసుకోని ఊగుకుంట, ముద్ద తీసిన బోనం నా ముందర పెట్టిన్రు, నాకు ఎంగిలి తినిపిచ్చిన్రు అన్నది. ఎవరిది తల్లీ అని అడిగితే చెప్పలే. నెత్తి మీద రెండు బిందెల నీళ్లు పోసినంక కింద పడ్డది. ఆ దినం సంది ఎవరి మొఖం ఎవరు చూసినా అనుమానమే.

నువ్వేమో ఏం తిన్నవని అడిగినవ్. ఏం తింట. నీళ్లు తాగి లేసిన.

రాయనీకె చెయ్యి వస్తలేదు. ఉంట.

జానకక్క



అమ్రాబాద్
19 సెప్టెంబరు

జానకక్కకు,

నిన్న శివ మా యేసయ్య ఫోన్ల రాసి పంపిండు, యేసయ్య కాయితం మీద ఎక్కిచ్చి నాకిచ్చిండు. ఎంగిలి చేసింది గీత అని ఊరంత అంటున్నరంట. చర్చి పిల్లకు కుండ ఇస్తే గిట్లనే అయితది అంటున్నరంట. నీకు తెల్వకుండ ఉన్నదా ఇది? ఎవరి మొఖం చూసినా అనుమానమే అని రాసినవు. నా బిడ్డ మొఖం అని ఎందుకు రాయలే?

ఇప్పుడు విత్తనాల కోసం పత్తి పూలు క్రాసింగు చేసే కాలం. గీత కూలి జట్టుల పదకొండు మంది ఆడోళ్లు. దినాం పొద్దుగాల ఆటో వాళ్ల ఇంటి ముందరనే ఆగుతుండె. ఇప్పుడు ఆగకుండ పోతుందంట. బోరింగు కాడ దీని బిందె ఉంటే ఎవ్వరు పక్కన పెడ్తలేరంట. పాలు పోసే ఆమె గడప దాక వచ్చి మళ్లి పోయిందంట. వాళ్ల అత్త దీనికి వేరే గిన్నె పెట్టింది, అన్నం అందులనే. శివ వస్తనంటే, నువ్వొచ్చి కొట్లాడితే నాకు ఇంకెక్కువైతది, రాకు అన్నదంట.

అక్కా, నేను నిన్ను ఎన్నడు ఏం అడగలే. మా ఆయన సచ్చిపోయిన యేడు గూడ అడగలే. ఇప్పుడు అడుగుతున్న. మొదటి బోనం మీ ఇంటిది. నువ్వు గుడి కాడ నిలవడి, ఆ పిల్ల గట్ల చెయ్యలేదు అని ఒక్క మాట అను. ఊరు ఇంటది. నా మాట ఎవరింటరు, నాకే నా మాట ఇనవడది.

పార్వతమ్మ



ఊటకుంట
2 అక్టోబరు

పార్వతికి,

నీ ఉత్తరం అందింది. జవాబు రాద్దామని రెండుసార్లు కూసున్న, రెండుసార్లు ఏదో ఒక పని వచ్చింది. బర్రె ఈనింది. దూడ నిలవడలే.

గీత సంగతి నీకు రాయకపోయింది పరేషాన్ అయితవనే. ఎందుకు దాస్త నీ తాన. ఊరోళ్ల నోళ్లు మనం కుట్టలేం గదా. నాలుగు దినాలైతే వాళ్లే మర్చిపోతరు అనుకున్న. మర్చిపోలే.

పోయిన ఆదివారం పెద్దమనుషులు కూసున్నరు. దీపావళి ఎల్లినాక పదో తారీకు ఆదివారం గీత తప్పు బోనం ఎత్తాలె అన్నరు. తడి బట్టలతోని, చెప్పులు లేకుండ, నోట్ల ఏప మండ పట్టుకోని వాళ్లింటి కాడికెల్లి గుడి దాక నడవాలె. గుడి ముందర మండ తీసి, నేనే ఎంగిలి చేసిన తల్లీ, తప్పైంది అని అందరు ఇనేటట్లు చెప్పాలె. అంతే. అమ్మ శాంతిస్తది, ఊరు శాంతిస్తది. ఆమె బిందె పక్కన మళ్ల బిందెలు పెడ్తరు. ఒక్క గంట పని పార్వతీ. కండ్లు మూసుకోని ఆ ఒక్క గంట ఎల్లదీస్తే అయిపోతది. గీతకు గూడ ఇదే చెప్పమని వాళ్ల అత్తకు చెప్పిన.

దానికి కావలసిన బియ్యం, బెల్లం నేనే పంపిన. మా ఇంట్ల మంచి పాత బియ్యం ఉండె. మాట సాయం చెయ్యకపోయినా ఇదన్న చేసిన అనుకో. నేను నిలవడి చెప్తే ఊరు ఇంటది అన్నవు. అప్పటి రోజులు గావు ఇవి. మా ఇంట్లనే నా మాట ఎవరింటున్నరు. నా ఒంట్ల గూడ మంచిగ లేదు. కూసుంటే లేవాలనిపిస్తలేదు.

జానకక్క



అమ్రాబాద్
12 అక్టోబరు

జానకక్కకు,

దసరాకు పిల్లలు ఇండ్లకు పోయిన్రు. వంటిల్లు ఖాళీగ ఉంది. నీ ఉత్తరం పొయ్యిల పెడ్దామనుకున్న. పెట్టలే.

ఒక్క గంట పని అని రాసినవు. చెయ్యని తప్పు చేసిన అని నోటితోని చెప్పాలె. ఆ గంట అయిపోయినాక అది ముప్పై ఏండ్లు ఆ ఊర్లె బతకాలె. పెంటయ్య గొర్లను తిన్నది ఇదే అని రేపు దాని పిల్లలను గూడ అంటరు. చెయ్యలేదు అంటే ఇప్పుడు కొందరన్న నమ్ముతుండొచ్చు. చేసిన అని అదే చెప్పినాక ఎవరు నమ్మాలె?

అది ఒప్పుకుంటది, నాకు తెల్సు. అత్తకు ఎదురు చెప్పొద్దు అని నేనే పెంచిన గదా. కాయితం మీద రాసి శివతోని పంపిచ్చింది. నేను తినలే అమ్మా, ఇంటికాడ కుండకు మూత పెట్టినంక గుడి కాడనే తీసిన, కాని ఇది చేస్తే అందరు ఊకుంటరు అంటున్నరు, చేస్త అని రాసింది. మీ పెద్దమ్మ జానకమ్మ ఏమన్నది అని అడిగిన. కనవడ్డప్పుడు తల దించుకోని పోతది, మాట్లాడదు అని రాసింది.

ఈడికి వచ్చిన సంది నీ ఉత్తరాలు చదువుతున్న. నీకు పావు సేరు సంగతి ఉంటే నాలుగు పేజీలు రాస్తవు. ఈ రెండు ఉత్తరాలల్ల బర్రె ఈనిందని రాసినవు గాని, గీత తప్పు చేసిందని గాని చెయ్యలేదని గాని రాయలే. తెల్లారిన సంది మంచినీళ్లు గూడ ముట్టొద్దు అని మొదటి ఉత్తరంల రాసినవు. నీళ్లు తాగి లేసిన అని తర్వాత రాసినవు. నీళ్లతోని షుగరు లేవది అక్కా.

నేను మొద్దుదాన్నే గాని చెవిటిది నా చెవే, నా తలకాయ కాదు. అడుగుతున్న, ఉన్నది ఉన్నట్లు రాయి.

పార్వతమ్మ



ఊటకుంట
21 అక్టోబరు

పార్వతీ,

నేనే తిన్న.

ఇంట్ల ఎవ్వరు లేని పూట చూసుకోని రాస్తున్న. చక్కెర డబ్బా పై అరల ఉండె, చెయ్యి లేవలే. సౌందర్యను పిలిచిన, వాకిట్ల డప్పులకు ఇనవడలే. సచ్చిపోత అనిపిచ్చింది. నా ముందర ఉన్నది ఆ కుండ ఒక్కటే. మూతి గుడ్డ కిందికి గుంజి, మూత తీసి, చేత్తోనే ముద్ద తీసిన. వేళ్లు కాలినయ్. ఒక్క ముద్దతోని పాణం నిలవడ్డది. అక్కడ ఆపితే అయిపోతుండె. ఆపలే. ఇంకా రెండు తిన్న. తియ్యగ మస్తుండె పార్వతీ. ఇరవై ఏడేండ్ల సంది వండుతున్న గాని అది వేడి మీద ఎట్లుంటదో ఆ దినమే తెల్సింది నాకు.

మళ్ల వండుదామంటే ఇంకో కొత్త కుండ లేదు, జనం వచ్చి నిలవడ్డరు. తీసిన కాడ గంటెతోని సదిరిన. పసుపు రాసి, ఏపాకు కట్టి, దీపం పెట్టి ఎత్తుకున్న. ఇంటి కాడికెల్లి గుడి దాక అమ్మను ఒక్కటే అడిగిన, నన్నేమన్న చెయ్యి, ఊరిని చెయ్యకు అని. పదిహేను దినాలకు గొర్లు సచ్చినయ్. ఒక పొద్దు డాక్టరు మాట నమ్ముత. ఒక పొద్దు పెంటయ్య దొడ్డి చూసి నేనే చేసిన అనిపిస్తది.

ఇంకోటి ఉంది. ఇది రాయకపోతే రాసినట్లు కాదు. గీత పేరు మొదలు ఎత్తింది మా సౌందర్యనే. బాలనాగమ్మ కింద పడ్డ దినం అందరు గుంపుగ ఉంటే, గీత మూతి తుడుసుకున్నది నేను చూసిన అన్నది. ఏం తుడుసుకున్నదో, చెమటనో. అందరు నా దిక్కు తిరిగిన్రు. గీత కుండ పక్కన ఉన్నది నేను గదా. నువ్వేం చూసినవ్ జానకమ్మా అన్నరు. నేను ఏమో అన్న.

గదే అన్న. ఏమో. ఊరికి అది సరిపోయింది.

తర్వాత చెప్దామని దినాం అనుకుంట. మా ఇంటి బోనం పోతది, మహిపాల్ తల ఎత్తుకోలేడు అనుకుంట. నా అత్త, ఆమె అత్త ఎత్తిన కుండ నా చేతుల ఎంగిలైందంటే ఎట్ల అనుకుంట. పొద్దుమీకుతది. మళ్ల తెల్లారుతది. అలిసిపోయిన పార్వతీ. తిట్టు నన్ను. నీ నోటికి ఎంత వస్తే అంత తిట్టు.

జానకి



అమ్రాబాద్
30 అక్టోబరు

జానకమ్మ దొరసానికి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివిన.

ఆకలికి తిన్నవు. దానికి నేనేమన. సచ్చిపోయేటోళ్లు తినాలె. నేనైతే కుండంత తింటుంటి. మీ అమ్మవారు ఏమనుకున్నదో నాకు తెల్వదు, మా ప్రభువు ఏమనుకుంటడో గూడ తెల్వదు. నాకు తెల్సింది నా బిడ్డ ఒక్కటే. దాని మీద మాట పడుతుంటే పక్కన నిలవడి ఏమో అన్నవు. అది నా గొంతుల దిగుతలేదు.

తిట్టు అని రాసినవు. తిడితే నీకు నిమ్మలమైతది. తిట్టను. నాకు రాసి నీ నెత్తి మీది బరువు నా నెత్తి మీద పెట్టినవు. నేను ఆ ఊరి మనిషిని కాదు ఇప్పుడు. నాకు చెప్తే గీత బిందె పక్కన ఎవరి బిందె రాదు.

ఈ కాయితం శివకిస్తే ఫోటో కొట్టి అందరి ఫోన్లకు పంపుతడు. ఒక్క నిమిషం పని. యేసయ్య గూడ అదే అన్నడు. ఇయ్యనన్న. నువ్వు నమ్మి రాసిన దాన్ని నేను ఊరి మీద పడెయ్యను. అది నీ నోటితోనే రావాలె. రాకపోతే పదో తారీకు నా బిడ్డ అబద్ధం చెప్పి మొక్కుతది, నువ్వు పంపిన బియ్యంతోని. ఇంకా పదకొండు దినాలున్నయ్.

పార్వతమ్మ



ఊటకుంట
12 నవంబరు

పార్వతీ,

చెప్పిన.

ఆదివారం పొద్దుగాలనే అన్నం తిని, గోలి ఏసుకోని గుడి కాడికి పోయిన. ఊరంత ఉండె. గీత తడి చీరతోని వచ్చింది. నెత్తి మీద కుండ, నోట్ల ఏప మండ. చలికి మండ ఆకులు ఊగుతున్నయ్ గాని కుండ కదల్తలేదు. గుడి ముందర నిలవడంగనే నేను లేసిన. ఆ పిల్ల మండ తియ్యకముందే చెప్పిన. ఎంగిలి చేసింది నేను, నా కుండల, నా చేత్తోని, మూడు ముద్దలు అని చెప్పిన. సౌందర్య చూసింది చెమట తుడుసుకునుడు అని చెప్పిన. నేను ఏమో అన్నది గూడ అబద్ధమే అని చెప్పిన.

మహిపాల్ వచ్చి చెయ్యి గుంజిండు. అమ్మకు షుగరు ఎక్కువైంది, ఏదేదో మాట్లాడుతుంది, రా ఇంటికి అన్నడు. ఇడిపిచ్చుకున్న. మళ్ల చెప్పిన. సౌందర్య చెప్పులేసుకోని ఇంటికి పోయింది. ఇగ రాళ్లే ఏస్తరో, మొఖం మీద ఉమ్ముతరో, ఏదైతే అదాయె అని నిలవడ్డ.

ఏం కాలే పార్వతీ.

బాలనాగమ్మనే వచ్చి నా భుజం పట్టుకున్నది. పాణం మీదికి వస్తే తింటది గదా, సుంకులమ్మ తల్లి గాదా, బిడ్డ ఆకలికి తింటే కోపమొస్తదా అన్నది. పెంటయ్య గూడ, పోనీ అక్కా, పోయినయి పోయినయ్ అన్నడు. ఎవరో కుర్చీ ఏసిన్రు. ఎవరో ఫ్లాస్కుల చాయ్ తెచ్చిన్రు. పాపం షుగరు మనిషి, ఎంత కష్టపడి ఎత్తింది అని ముసలోళ్లు నన్నే మెచ్చుకున్నరు. ఆ చాయ్ సల్లారకముందే నా తప్పు మాఫ్ అయింది. వచ్చే యేడు గూడ మొదటి బోనం మీదే జానకమ్మా, తిని ఎత్తు అన్నరు.

మరి గీత సంగతేంది అని అడిగిన. ఆమెకు తప్పు లేదని తేలింది గదా, ఇంకేం సంగతి అన్నరు. రెండు నెలలు ఆ పిల్లను ఎట్ల చూసిన్రు అన్న. తెల్వక చూసినం, ఇప్పుడు తెల్సింది గదా అన్నరు. ఎవ్వరు ఆమె దిక్కు తిరగలే. ఆమెకు ఎవ్వరు చాయ్ పొయ్యలే. తలకాయ తిప్పి చూసేసరికి కుండ కింద పెట్టుంది, మండ పక్కన పడుంది, గీత లేదు. తడి చీరతోనే నడిచి పోయింది.

తర్వాత నేను వాళ్లింటికి పోయిన. నీకు తెల్సు, నేను మీ వాడల గడప దాటి లోపల కూసున్నది లేదు. నీ ఇంటికి వచ్చినా వాకిట్ల నిలవడే మాట్లాడుతుంటి. ఆ దినం లోపలికి పోయి కింద కూసున్న. వాళ్ల అత్త పరేషాన్ అయింది, చాప కోసం ఉరికింది. గీత బట్టలు సంచిల పెడుతుంది. ఆకలైతుంది బిడ్డా, ఇంత అన్నం పెట్టు అన్న. పెట్టింది. పప్పుచారు, మిరపకాయ తొక్కు. ఊరంత చూస్తుండంగ మీ ఇంట్ల తిన్న. రెండోసారి గూడ ఏపిచ్చుకున్న. మూడు నెలల సంది తిన్నది ఒంట పట్టలే పార్వతీ, ఆ దినం పట్టింది. ఏడుపొచ్చింది. ఒక్క మాట అనకుండ పెట్టింది ఆ పిల్ల. దాని మనసు పెద్దది, క్షమించింది. నువ్వు గూడ ఆ దొరసాని అని రాసుడు ఇడిసిపెట్టు. ఆ మాట ఇంకా పొడుస్తుంది.

జానకక్క



అమ్రాబాద్
24 నవంబరు

జానకక్కకు,

రెండు దినాలు సెలవు పెట్టి కొత్తకోటకు పోయొచ్చిన. గీత శివ తాననే ఉంటుంది ఇగ. హైవే పక్క రేకుల షెడ్డు, ఎనక ఒక అర్ర. లారీల సప్పుడు నాకే ఇనవడుతుందంటే చూడు. బిందెలు ఇడిసిపెట్టే వచ్చింది, ఊరికి మళ్ల రాదంట. నేను రమ్మనలే, వద్దనలే. నా చెవి కాడ నోరు పెట్టి కొంత చెప్పింది, మిగిలింది కాయితం మీద రాసింది.

నువ్వు ఊరి ముందర నిలవడి చెప్పినవు. చిన్న పని కాదు. కొడుకు చెయ్యి ఇడిపిచ్చుకోని రెండోసారి గూడ చెప్పినవంట, గీతనే చెప్పింది, దాస్తలేదు. ఊరు నిన్ను మాఫ్ చేసింది, దాన్ని మర్చిపోయింది. అది నీ తప్పు కాదు. దొరసాని అని ఇగ రాయను.

అన్నం పెట్టింది, క్షమించింది అని రాసినవు. ఆకలి అన్నోళ్లకు లేదనుడు దానికి నేను నేర్పలే. ఎవరొచ్చి అడిగినా పెడ్తది. దాన్ని క్షమించుడు అనుకోకు. నువ్వు తింటున్నంత సేపు తలుపు పట్టుకోని నిలవడ్డదంట, పెద్దమ్మ ఇప్పుడంటది, ఇప్పుడంటది అని. నువ్వు తిన్నవు, ఏడ్చినవు, మళ్ల ఏపిచ్చుకున్నవు. చెయ్యి కడుక్కోని, దాని కొంగుకే తుడుసుకోని, పోయొస్త బిడ్డా అని పోయినవు. ఊరికి చెప్పినవు, బాలనాగమ్మకు చెప్పినవు, నాకు పేజీలకు పేజీలు రాసినవు. దానికి మాత్రం తప్పైందని చెప్పలే.

నేను గూడ అలిసిపోయిన అక్కా. ఇద్దరం ముసలోళ్లం మూడు నెలలు దాని గురించి ఒకరికొకరం రాసుకున్నం. నాకు ఇగ రాయకు. రాయాలనిపిస్తే గీతకు రాయి. అడ్రసు కింద ఉంది.

పార్వతమ్మ

గీత
శివ మెకానిక్ షెడ్డు, హైవే పక్క
కొత్తకోట, వనపర్తి జిల్లా